రాజముఖమున మనుష్యుని చూపిన వెలాస్కెస్

రాజుల చిత్రపటమనగనే కిరీటము, సింహాసనము, రత్నహారములు ఎవరికైనను తలపునకు వచ్చును. ఇవేవియు లేకయే రాజును రాజుగా నిలిపిన చిత్రకారుడు స్పెయిను దేశీయుడగు డియేగో వెలాస్కెస్.

ఇతడు 1599వ సంవత్సరమున సెవిల్ నగరమున జన్మించెను. బాల్యముననే పచేకో అను చిత్రకారునికి శిష్యుడై, 1618లో గురుపుత్రిక హువానాను వివాహమాడెను. ఆ దినములలో అతడు వంటయింటి స్త్రీలను, నీళ్ళమ్ముకొను వృద్ధుని చిత్రించెను. సామాన్యుల ముఖములను చదువ నేర్చిన కన్నులే పిదప రాజముఖమును చదివినవి.

1623లో మాడ్రిడ్ నగరము చేరి, నాలుగవ ఫిలిప్ రాజు పటమును వ్రాసి ఆస్థాన చిత్రకారుడయ్యెను. రాజునకప్పుడు 18 ఏండ్లు. ఆ తొలినాళ్ళ పటమున రాజు నల్లని దుస్తులతో, ఒక చేత కాగితము పట్టి, రెండవ చేయి కత్తిపిడిపై నుంచి నిలిచియుండును. కాగితము పరిపాలనను, ఖడ్గము రక్షణను తలపించును. తొణకని ఆ నిలుకడయే అధికారమును చాటును.

పిదప రాజ్యమునకు కష్టకాలము వచ్చెను. 1640లో పోర్చుగల్ తిరుగబడెను. 1644లో రాణి, 1646లో యువరాజు మరణించిరి. తన ముదిమిని పటమున చూచుకొన నొల్లక రాజు కొన్నేండ్లు చిత్రకారుని యెదుట కూర్చుండుటయే మానెను. తుదకు మరల కూర్చుండినపుడు వెలాస్కెస్ బరువెక్కిన కనురెప్పలను, అలసిన చెక్కిళ్ళను దాచక వ్రాసెను. అయినను ఆ ముఖమున రాజగౌరవము తగ్గలేదు.

1650లో రోము నగరమున పదవ ఇన్నోసెంట్ పోపు తీక్ష్ణమైన చూపును పటమున నిలిపెను. ఆ యేడే తన బానిసయగు హువాన్ దె పరేహాను సైతము తలయెత్తిన ప్రభువువలె చిత్రించెను. అతనికి విముక్తిపత్రమును వ్రాసియిచ్చెను. నాలుగేండ్ల పిదప అది అమలులోనికి వచ్చెను.

1656లో వ్రాసిన ‘లాస్ మెనీనాస్’ సుమారు పదిన్నర అడుగుల ఎత్తుగల పటము. నడుమ చిన్నారి రాజకుమారి, ప్రక్కన కుంచె పట్టిన చిత్రకారుడు నిలిచియుందురు. రాజదంపతులు వెనుకగోడ అద్దమున నీడలుగా మాత్రమే కానవత్తురు.

కూలికి పనిచేయువారికి దొరకని సంతియాగో వీరబిరుదము రాజానుగ్రహమున 1659లో అతనికి లభించెను. మరునాటి యేడు రాజకుమార్తె వివాహపు ఏర్పాట్లకై ఫ్రాన్సు సరిహద్దునకు పోయివచ్చి, జబ్బుపడి, ఆగస్టు 6న కన్నుమూసెను.

ఆ రాజవంశము 1700లో స్పెయినున అంతరించినది. మాడ్రిడ్‌లోని ప్రాదో చిత్రశాలలో ఫిలిప్ రాజు నేటికిని జనులను చూచుచున్నాడు. కిరీటము లేని ఆ ముఖమును చూచినవారికి రాజును, రాజులోని మనుష్యుని ఒక్కసారిగా చూచినట్లగును.