చచ్చినవాళ్ళ లెక్క రాసిన డాక్టరు: జోసెఫ్ లిస్టర్

నూట అరవై ఏళ్ళ కిందట గ్లాస్గో అంటే ఓడల యార్డులు, ఇనుప కొలుములు, నూలు మిల్లులు. ఐర్లండ్ నుంచీ స్కాట్లండ్ కొండల నుంచీ పొట్ట చేతబట్టుకొని వచ్చినోళ్ళు వాటిల్లో పనిచేసేవారు. మనలాంటోళ్ళే. కాలు విరిగి ఎముక బయటికొస్తే రాయల్ ఇన్‌ఫర్మరీకి మోసుకుపోయేవారు. ఆపరేషన్ బాగానే జరిగేది. తర్వాత పుండు కుళ్ళి మనిషి పోయేవాడు. చెడుగాలి వల్ల అని చాలామంది డాక్టర్లు సరిపెట్టుకునేవారు.

1861లో అక్కడ సర్జన్‌గా చేరిన లిస్టర్ అలా సరిపెట్టుకోలేదు. ఆయన 1827లో ఇంగ్లండ్‌లో పుట్టాడు. తండ్రి వైన్ వ్యాపారి, మైక్రోస్కోపును బాగుచేసిన మనిషి కూడా. కంటికి కనిపించనిదాన్ని వెతకడం కొడుక్కి ఇంట్లోనే అబ్బింది. కుళ్ళుకు కారణం సూక్ష్మజీవులని ఫ్రాన్సులో పాశ్చర్ చెప్పిన సంగతి తెలిశాక, మురుగు కంపు పోగొట్టడానికి వాడే కార్బాలిక్ ఆసిడ్‌ను గాయాల మీద వాడి చూశాడు.

1865 మార్చిలో మొదటి ప్రయత్నం ఫలించలేదు. ఆయన దాన్ని దాచలేదు. తను సరిగా చెయ్యకపోవడం వల్లే అలా అయిందని తర్వాత అచ్చులోనే రాశాడు. ఆగస్టులో బండి చక్రం కింద కాలు నలిగిన పదకొండేళ్ళ పిల్లాడు జేమ్స్ గ్రీన్‌లీస్ వచ్చాడు. ఆ మందు గుడ్డతో కట్టు కట్టారు. ఆరు వారాలకి ఎముక అతుక్కుంది, కాలు దక్కింది.

లిస్టర్ తన వార్డు లెక్కలు బయటపెట్టాడు. 1864, 1866 సంవత్సరాల్లో కాలో చెయ్యో తీసేసిన 35 మందిలో 16 మంది పోయారు. కొత్త పద్ధతి వచ్చాక, 1867 నుంచి 1869 దాకా 40 మందిలో ఆరుగురే పోయారు. చాలామంది పెద్ద డాక్టర్లు ఏళ్ళ తరబడి నమ్మలేదు. ఆయన 1869లో ఎడిన్‌బరో వెళ్ళాడు, 1912లో చనిపోయాడు. గ్లాస్గో కెల్విన్‌గ్రోవ్ పార్కులో ఆయన విగ్రహం ఉంది.

రోగి ఎందుకు పోయాడని డాక్టర్లూ నర్సులూ కూర్చొని చూసుకోవడం ఇప్పుడు మంచి ఆసుపత్రుల్లో మామూలు పని. తప్పు ఎవరిదని తిట్టుకోవడానికి కాదు, తర్వాత వచ్చేవాడు బతకాలని.

అన్నలారా, తమ్ముళ్ళారా, మనకీ ఇందులో పని ఉంది. సైట్లో దెబ్బ తగిలితే చిన్నదేలే అని గుడ్డ చుట్టుకొని ఊరుకోవద్దు. శుభ్రమైన నీళ్ళతో కడగండి, చూపించుకోండి, యాక్సిడెంట్ పుస్తకంలో రాయించండి. రాయని దెబ్బ లెక్కలోకి రాదు. లెక్కలోకి రానిదాన్ని ఎవరూ బాగుచెయ్యరు.