కొల్లూరు గనులు చూసిన ఫ్రెంచి వర్తకుడు

బెల్లంకొండ ప్రాంతంలో కృష్ణ ఒడ్డున ఉండిన కొల్లూరు వజ్రాల గనుల సంగతి లోకానికి వివరంగా చెప్పినవాడు జాన్ బాప్టిస్ట్ టావెర్నియర్. ఆయన 1605లో పారిస్‌లో జన్మించాడు. తండ్రి దేశపటాల వ్యాపారి. ఆ పటాలు చూస్తూ పెరిగిన కుర్రవాడు ఇంటిపట్టున ఉంటాడా? ఆరుసార్లు తూర్పు దేశాలకు వచ్చిపోయాడు.

గోల్కొండ సుల్తానుల నాడు కొల్లూరులో ఆడా మగా పిల్లా మేకా 60 వేలమంది పనిచేసేవారని ఆయన రాశాడు. మగవారు తవ్వితే ఆడవారు, పిల్లలు మన్ను మోసేవారు. గనుల దగ్గర బేరం మాత్రం నోటితో కాదు. మన పశువుల సంతలో మాదిరే గుడ్డ చాటున చేతులు కలిపేవారు. చెయ్యంతా పట్టుకుంటే వెయ్యి, ఒక వేలు పట్టుకుంటే నూరు. పక్కవాడికి సైతం ధర తెలిసేది కాదు.

1668లో స్వదేశం చేరిన టావెర్నియర్ 14వ లూయీ రాజుకు వెయ్యికి పైగా వజ్రాలు అమ్మజూపాడు. రాజు అన్నీ కొన్నాడు. వాటిలో సుమారు 115 కారట్ల నీలి వజ్రం ఒకటి. కొల్లూరుదేనని చాలామంది నమ్మే ఆ ఒక్క రాయికే 2 లక్షల 20 వేల లీవర్లు ముట్టాయి. గని కూలీకి ఏడాదికి దక్కేది 3 వరహాలని రాసిందీ ఆయనే.

బిరుదు వచ్చింది. స్విట్జర్లాండులో కొన్న ఎస్టేటు మాత్రం నిలవలేదు, అమ్ముకున్నాడు. ఎనభై దాటాక మళ్లీ ప్రయాణం కట్టి, 1689లో మాస్కోలో మరణించాడు.

నీలి వజ్రం చెక్కుళ్లు పడి, చేతులు మారి, హోప్ వజ్రమన్న పేరుతో 1958లో వాషింగ్టన్ మ్యూజియం చేరింది. కొల్లూరు పులిచింతల నీటిలో మునిగింది.