మచ్చల గింజల రహస్యం విప్పిన బార్బరా మెక్‌క్లింటాక్



పదో తరగతిలో మనమందరం మెండల్ గురించి చదువుకున్నాం. గుండ్రటి బఠానీలు, ముడతల బఠానీలు, 3:1 నిష్పత్తి. పరీక్షలో పటం గీసి మార్కులు తెచ్చుకున్నాం. కానీ కొన్ని గింజలకు ముడతలు అసలెందుకు పడతాయని నేను ఎప్పుడూ అడగలేదు. ఎమ్మెస్సీకి వచ్చాకే ఆ సంగతి తెలిసింది. గింజలో పిండిపదార్థం తయారవడానికి కావలసిన ఒక జన్యువు మధ్యలోకి వేరే డి.ఎన్.ఎ. ముక్క ఒకటి వచ్చి ఇరుక్కుంది. జన్యువు చెడింది. పిండి సరిగా తయారుకాలేదు. ఎండినప్పుడు గింజ ముడుచుకుపోయింది. ఈ విషయం 1990లో బయటపడింది. అలాంటి ముక్కలు ఒకచోటి నుంచి మరోచోటికి కదులుతాయని దానికి నలభై ఏళ్ల ముందే ఒక శాస్త్రవేత్త చెప్పారు. ఆమే బార్బరా మెక్‌క్లింటాక్.

బార్బరా 1902 జూన్ 16న అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం, హార్ట్‌ఫర్డ్‌లో పుట్టారు. తండ్రి హోమియోపతి వైద్యుడు. నలుగురు పిల్లల్లో ఆమె మూడోది. తర్వాత కుటుంబం న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌కు మారింది. హైస్కూలు పూర్తయ్యాక కాలేజీకి వెళ్తానంటే తల్లి ఒప్పుకోలేదు. ఎక్కువ చదివితే పెళ్లి కాదని ఆమె భయం. ఈ భయం మన ఊళ్లలోనే ఉంటుందనుకున్నాను గానీ, వంద ఏళ్ల కిందట అమెరికాలోనూ ఉండేదన్నమాట! మొదటి ప్రపంచ యుద్ధంలో సైనిక వైద్యుడిగా వెళ్లిన తండ్రి తిరిగివచ్చి కూతురి పక్షాన నిలబడ్డారు. అలా 1919లో ఆమె కార్నెల్ విశ్వవిద్యాలయంలోని వ్యవసాయ కళాశాలలో చేరారు. 1923లో డిగ్రీ, 1925లో ఎమ్మే, 1927లో వృక్షశాస్త్రంలో డాక్టరేట్ పొందారు. ఆమె పెళ్లి చేసుకోలేదు.

ఆమె ఎంచుకున్న మొక్క మొక్కజొన్న. మన చేలల్లో పండేది చాలావరకు ఒకే పసుపు రంగు గింజ. కానీ ఈ పంటలో ఊదా, ఎరుపు, తెలుపు, మచ్చల గింజలున్న రకాలు ఎన్నో ఉన్నాయి. ఒక్కో గింజ ఒక్కో బిడ్డ కాబట్టి, ఒక కంకి చేతిలో పట్టుకుంటే వందల మంది సంతానాన్ని ఒకేసారి చూసినట్టు. అందుకే జన్యుశాస్త్రవేత్తలకు ఆ మొక్క అంటే ఇష్టం.

బార్బరా ముందు మైక్రోస్కోపు పనిలో పేరు తెచ్చుకున్నారు. కణాలను స్లైడు మీద నలిపి రంగు వేసే పద్ధతిని మెరుగుపరిచి, మొక్కజొన్నలోని పది క్రోమోజోములను ఏది ఏదో విడివిడిగా గుర్తుపట్టారు. 1931లో హారియట్ క్రైటన్‌తో కలిసి ఒక ముఖ్యమైన రుజువు చూపించారు. తల్లిదండ్రుల లక్షణాలు కొత్త రకంగా కలిసినప్పుడు క్రోమోజోములు నిజంగానే ముక్కలు మార్చుకుంటాయని కంటికి కనిపించేలా నిరూపించారు. అప్పటికి ఆమె వయసు ఇరవై తొమ్మిదేళ్లే.

ఇంత చేసినా ఉద్యోగం మాత్రం దొరకలేదు. ఏళ్ల తరబడి ఫెలోషిప్పులతోనే నెట్టుకొచ్చారు. 1933లో జర్మనీ వెళ్లారు. అక్కడ నాజీల పాలన మొదలైంది. గడువుకు ముందే వెనక్కి వచ్చేశారు. డాక్టరేట్ వచ్చిన తొమ్మిదేళ్లకు, 1936లో మిస్సోరీ విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టు వచ్చింది. అక్కడ తనకు భవిష్యత్తు లేదనిపించి 1941లో వదిలేశారు. చేతిలో ఉద్యోగం లేదు, విత్తనాలు వేసుకోవడానికి చేను లేదు. ఆ వేసవిలో న్యూయార్క్ దగ్గరి లాంగ్ ఐలాండ్‌లోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ పరిశోధనశాలకు వెళ్లారు. తర్వాత అక్కడే స్థిరమైన చోటు దొరికింది. చివరిదాకా అదే ఆమె ఇల్లు. 1944లో అమెరికా జాతీయ సైన్సు అకాడమీకి ఎన్నికయ్యారు. 1945లో అక్కడి జెనెటిక్స్ సొసైటీకి తొలి మహిళా అధ్యక్షురాలయ్యారు.

ఆ రోజుల్లోనే ఆమె మచ్చల గింజల వెంట పడ్డారు. వేసవిలో ఒక్కటే పంట. కంకి పీచుకు బయటి పుప్పొడి తగలకుండా సంచి కట్టాలి, కావలసిన మొక్క పుప్పొడి తెచ్చి చేత్తో చల్లాలి, మళ్లీ సంచి కట్టాలి. పంట వచ్చాక ఒక్కో మొక్క వంశం, గింజల రంగు కార్డుల మీద రాసిపెట్టాలి. మా అమ్మ మొక్కజొన్న కంకులు విరిచే కూలికి వెళ్తుంది. ఎండలో ఆ ఆకులు చేతులను ఎలా కోస్తాయో నాకు తెలుసు. ఆ పని ఒక శాస్త్రవేత్త ప్రతి ఏడాదీ చేశారని చదివినప్పుడు నాకు ఆమె దగ్గరి మనిషిలా అనిపించారు.

ఇంతకీ ఆమె కనిపెట్టింది ఏమిటి? గింజకు ఊదా రంగునిచ్చే జన్యువులో ఒక డి.ఎన్.ఎ. ముక్క వచ్చి కూర్చుంటే గింజకు రంగు పోతుంది. గింజ పెరుగుతుండగా కొన్ని కణాల్లో ఆ ముక్క లేచి వెళ్లిపోతుంది. ఆ కణాల నుంచి పుట్టిన కణాలన్నిటికీ రంగు తిరిగి వస్తుంది. అదే మచ్చ. ముందుగా లేచిపోతే పెద్ద మచ్చ, ఆలస్యంగా లేచిపోతే చిన్న మచ్చ. ఆ ముక్కకు డీఎస్ అని పేరు పెట్టారు. అది తనంతట తాను కదలలేదు. ఏసీ అనే మరో ముక్క అదే మొక్కలో ఉంటేనే కదులుతుంది. ఏసీ కూడా చోటు మారుతుంది. జన్యువులంటే దారానికి గుచ్చిన పూసల్లా ఎక్కడివక్కడే ఉంటాయని నమ్మిన కాలమది.

1950లో ఈ ఫలితాలను ప్రచురించారు. 1951లో కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ సదస్సులో వివరంగా చెప్పారు. స్పందన చల్లగా ఉంది. ముక్కలు కదలడాన్ని మొక్కజొన్న మీద పనిచేసేవాళ్లు కొందరు ఒప్పుకున్నారు. కానీ ఈ ముక్కలు జన్యువులను ఎప్పుడు పనిచేయించాలో, ఎప్పుడు ఆపాలో నియంత్రిస్తాయని ఆమె అన్నది ఎవరికీ రుచించలేదు. 1953 తర్వాత ఆమె ఈ విషయం మీద పెద్ద పత్రికలకు వ్యాసాలు పంపడం బాగా తగ్గించారు. పని మాత్రం తగ్గించలేదు. ఈ ముక్కలు కొన్నిసార్లు తరాల తరబడి నిద్రపోయి మళ్లీ మేలుకోవడం కూడా గమనించి రాసిపెట్టుకున్నారు. 1957 నుంచి దక్షిణ, మధ్య అమెరికా దేశాల మొక్కజొన్న రకాల మీద కూడా పనిచేశారు.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఎమ్మెస్సీ మొదటి సంవత్సరంలో నా మొదటి సెమినార్ అయ్యాక గదిలో ఒక్కరూ ఒక్క ప్రశ్న అడగలేదు. నా ఇంగ్లీషు అర్థం కాలేదో, విషయమే అర్థం కాలేదో తెలియదు. ఆ రాత్రి బ్యాగు సర్దుకుని ఇంటికి వెళ్లిపోదామనుకున్నాను. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనొక్కదాన్నే. ఎవరిని సలహా అడగాలో కూడా తెలియలేదు. ఆ వారమే లైబ్రరీలో ఈవిడ జీవితం చదివాను. ఆమె సెమినార్‌తో నా సెమినార్‌ను పోల్చడం లేదు. ఎవరూ మాట్లాడనంత మాత్రాన మనం చెప్పింది గొప్పదైపోదు. నాది నిజంగానే సరిగా తయారుకాలేదు. కానీ ఆమె దగ్గర ఏళ్ల తరబడి రాసిన కార్డులున్నాయి. ఎవరు నమ్మినా నమ్మకపోయినా తిరిగి చూసుకోవడానికి ఆధారం ఉంది. నాకు లేనిది అదేనని అర్థమైంది. నెల రోజులు కూర్చుని మళ్లీ తయారై, రెండో సెమినార్ ఇచ్చాను. ఈసారి మూడు ప్రశ్నలు వచ్చాయి.

బార్బరా విషయానికొస్తే, 1960ల చివర్లో, 1970లలో బాక్టీరియాలోనూ ఇతర జీవుల్లోనూ ఇలాంటి కదిలే ముక్కలు బయటపడ్డాయి. వాటికి ట్రాన్స్‌పోజాన్లు అని పేరు వచ్చింది. అప్పుడు అందరూ ఆమె పాత వ్యాసాలు వెతికి చదివారు. 1983లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి ఆమె ఒక్కరికే ఇచ్చారు. అప్పటికి ఆమె వయసు 81. ఆ వార్త ఆమె రేడియోలో విన్నారు. 1992 సెప్టెంబర్ 2న, తొంభై ఏళ్ల వయసులో మరణించారు.

కథ అక్కడితో అయిపోలేదు. జన్యువులను నియంత్రించేది ఏమిటన్న ఆమె ప్రశ్నకు తర్వాత ఒక కొత్త జవాబు దొరికింది. అది ఆర్.ఎన్.ఎ. మన హాస్టల్ వంటగదితో పోల్చి చెప్తాను. స్టోరులోని మెనూ పుస్తకం డి.ఎన్.ఎ. అందులోంచి రాసి వంటమనిషికి ఇచ్చే చీటీ ఆర్.ఎన్.ఎ. వండిన కూర ప్రొటీన్. చీటీ పని ఇంతేనని చాలాకాలం అనుకున్నారు. కానీ కొన్ని చీటీలు కూర వండమని చెప్పవు. ఫలానా కూర ఇవాళ వద్దని చెప్తాయి. ప్రొటీన్‌ను తయారుచేయని ఇలాంటి వాటిని నాన్‌కోడింగ్ ఆర్.ఎన్.ఎ.లు అంటారు. ఆమె పోయిన మరుసటి ఏడాది, 1993లో, విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్ ఒక మిల్లీమీటరు పొడవుండే పురుగులో కేవలం 22 అక్షరాల ఆర్.ఎన్.ఎ. ఒక జన్యువును అదుపు చేస్తోందని చూపించారు. దాన్నీ ఏడేళ్లపాటు పురుగుల వింతగానే చూశారు. 2000లో అలాంటిదే మరొకటి మనుషులతో సహా ఎన్నో జంతువుల్లో ఉందని తేలాక లెక్క మారింది. 2024లో వారిద్దరికీ నోబెల్ వచ్చింది.

బార్బరా చూసిన నిద్ర సంగతి కూడా కొంత తేలింది. 2005లో మొక్కజొన్నలోనే, మ్యూటేటర్ అనే కదిలే ముక్కను నిద్రపుచ్చే జన్యువు దొరికింది. అది తయారుచేసేది తనమీద తానే మడుచుకునే ఆర్.ఎన్.ఎ. అందులోంచి వచ్చే చిన్న ముక్కలే మ్యూటేటర్‌ను గుర్తుపట్టి నోరు మూయిస్తాయి.

మన శరీరంలోనూ ఇదే కథ. మనిషి డి.ఎన్.ఎ.లో దాదాపు 300 కోట్ల అక్షరాలుంటే, ప్రొటీన్లకు నేరుగా పనికొచ్చేది 2 శాతం లోపే. దాదాపు సగం కదిలే ముక్కల నుంచి వచ్చిందే. వాటిలో చాలావరకు ఇప్పుడు కదలలేవు. కదిలేవి కొన్ని జబ్బు తెస్తాయి. 1988లో ఇద్దరు హీమోఫీలియా రోగుల్లో రక్తం గడ్డకట్టించే జన్యువులో అలాంటి ముక్క దూరిందని తేలింది. ఒక రకం రక్త క్యాన్సర్‌లో 13వ క్రోమోజోములో ఒక భాగం తెగిపోతుంది. ఆ భాగంలో తప్పుచేసిన ప్రొటీన్ జన్యువు కోసం చాలా వెతికారు. 2002లో అక్కడ రెండు మైక్రో ఆర్.ఎన్.ఎ.లు పోతున్నాయని తేలింది. 2018లో, చిన్న ఆర్.ఎన్.ఎ.నే మందుగా వాడే మొదటి చికిత్సకు అమెరికాలో అనుమతి వచ్చింది. నరాలను దెబ్బతీసే ఒక వంశపారంపర్య జబ్బుకు అది వాడతారు.

బార్బరా అనుకున్నదంతా నిజమైందని కాదు. మొక్క ఎదుగుదల అంతా ఈ కదిలే ముక్కలే నడిపిస్తాయన్న ఆమె ఊహ ఆ రూపంలో నిలబడలేదు. ప్రొటీన్ చేయని డి.ఎన్.ఎ. అంతా ఉపయోగకరమనీ కాదు, అందులో నిజంగా పనిలేనిది కూడా చాలా ఉండవచ్చు. కానీ చూడకుండానే మొత్తాన్ని చెత్త అనేసి ఉంటే, ఆ రక్త క్యాన్సర్ కారణం ఇంకా వెతుకుతూనే ఉండేవాళ్లం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! వేస్ట్ అనే మాట మనమూ విన్నాం. మార్కులు తక్కువొచ్చినప్పుడు విన్నాం, హాస్టల్ పిల్లలని తెలిసినప్పుడు విన్నాం. ఆ మాటకు కోపంతో జవాబు చెప్పడం నాకు చేతకాలేదు. నేను చేసుకున్న ఏర్పాటు చిన్నది. ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాను. ప్రయోగంలో పుస్తకంలో లేనిది ఏది కనిపించినా తేదీ వేసి రాసుకుంటాను. చాలావరకు నా పొరపాట్లే. అయినా రాస్తాను. మీరు కూడా ఈ వార్షికోత్సవం నుంచి ఒకటి మొదలుపెట్టండి. ముడతల బఠానీ ఎందుకు ముడుచుకుందని మన పుస్తకంలో లేదు. అలాంటి ప్రశ్నలు మీ పుస్తకాల్లో ఇంకా చాలా ఉన్నాయి.