కాగితం మీద ఆడదాని పేరు – దుర్గాబాయి జీవితం చెప్పే పాఠం

మా సారపాకను ఒరుసుకుని పారే గోదావరి కిందికి పోయి రాజమండ్రి చేరుతుంది. ఆ రాజమండ్రిలోనే 1909 జూలై 15న దుర్గాబాయి పుట్టింది. కాకినాడలో పెరిగింది. ఆమె కూలి చేసి బతికిన మనిషి కాదు, కాంగ్రెసు నాయకురాలు. అయినా మిర్చి ఏరే, తునికాకు కోసే ఆడవాళ్ళు ఆమె కథ తెలుసుకోవాలని మేం అంటాం. ఎందుకో చివరిదాకా చదివితే తెలుస్తుంది.

ఎనిమిదేళ్ళకే ఆమెకు పెళ్ళి చేశారు. ఊహ తెలిశాక ఆ కాపురం తనకొద్దని, మరో పెళ్ళి చేసుకోమని భర్తకు తేల్చి చెప్పింది. ఆ రోజుల్లో అది ఎంత తెగువో ఆలోచించండి. తర్వాత ఆయన చనిపోతే, ఆయన రెండో భార్యను చేరదీసి చేతిపని నేర్పించి నిలబెట్టింది. ఆడదానికి ఆడదే శత్రువనే సామెత ఎంత అబద్ధమో చూడండి.

1921లో గాంధీ కాకినాడ వచ్చాడు. దేవదాసీలు ఆయన మాట వినాలని పన్నెండేళ్ళ ఈ పిల్ల పట్టుబట్టింది. పదినిమిషాలు ఇవ్వాలంటే ఐదువేలు కట్టమన్నారు పెద్దలు. ఆ దేవదాసీలనే కూడగట్టి డబ్బు పోగుచేసి సభ జరిపించింది. 1923 కాకినాడ కాంగ్రెసులో వాలంటీరుగా ఉండి, టిక్కెట్టు లేదని నెహ్రూనే ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర ఆపేసింది.

1930 ఉప్పు సత్యాగ్రహంతో జైలు బతుకు మొదలైంది. వెల్లూరు, మదురై జైళ్ళు చూసింది. అక్కడ అక్షరం రాక, చట్టం తెలియక, చెయ్యని నేరాలు ఒప్పుకుని శిక్ష పడ్డ పేద ఆడవాళ్ళు కనిపించారు. ఆమెను లాయరు చదువుకు మళ్ళించింది వాళ్ళే. ఆగిపోయిన చదువు మళ్ళీ మొదలుపెట్టి, 1942లో మద్రాసులో లా పూర్తిచేసింది. ఈలోపే 1937లో ఆంధ్ర మహిళా సభ పెట్టి, వితంతువులకు, వదిలేసిన భార్యలకు చదువు, పని నేర్పించింది.

తర్వాత రాజ్యాంగ సభకు ఎన్నికైంది. మొత్తం సభలో ఆడవాళ్ళు 15 మందే. సభాధ్యక్షుల ప్యానెల్‌లో ఉన్న మహిళ ఆమె ఒక్కతే. హిందూ కోడ్ బిల్లు వచ్చినప్పుడు ఆడదానికి ఆస్తి హక్కు ఉండాలని గట్టిగా వాదించింది. ఛాందసులు అడ్డుపడ్డారు, బిల్లు ఆగింది, 1951లో అంబేద్కర్ మంత్రిపదవికి రాజీనామా ఇచ్చాడు. చివరికి ముక్కలు ముక్కలుగా నెగ్గింది. 1956లో వారసత్వ చట్టం వచ్చింది. అందులోనూ పిత్రార్జితంలో కొడుకుతో సమాన హక్కు రాలేదు. అది ఉమ్మడి రాష్ట్రంలో 1985 నుంచి పెళ్ళికాని కూతుళ్ళకు, 2005లో దేశమంతటా కూతుళ్ళందరికీ దక్కింది. చట్టం కూడా ఎంత ఆలస్యంగా నడుస్తుందో చూడండి!

1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలైంది. 1958లో స్త్రీవిద్య జాతీయ కమిటీకి పెద్దగా ఉంది. కాపురాల తగాదాలకు వేరే కోర్టులుండాలని ముందే చెప్పింది. ఆ చట్టం 1984లో గానీ రాలేదు. అది చూడకుండానే 1981 మే 9న కన్నుమూసింది.

ఇప్పుడు మన సంగతికొద్దాం. ఆ వారసత్వ చట్టం గిరిజనులకు వర్తించదు. మన కోయ ఆడబిడ్డ పొలం హక్కు ఇప్పటికీ కులపెద్దల ఆచారం మీదే నడుస్తోంది. ఇక భూమే లేని కూలీలకు ఆస్తి హక్కు ఉన్నా పంచుకోడానికి ఏముంది? దుర్గాబాయి తరం చట్టం తెచ్చింది గాని భూమి తేలేదు. ఆ పని మిగిలే ఉంది.

అయితే చేతిలో ఉన్నదాన్ని వదులుకోవద్దు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పోడు పట్టా భార్యాభర్తలిద్దరి పేర్న ఉండాలి. అక్కా, చెల్లీ, మీ ఇంట్లో పట్టా ఉంటే బయటికి తీసి చదివించుకోండి. మీ పేరు లేకపోతే గ్రామసభలో లేచి అడగండి. చట్టం తెలియక జైల్లో మగ్గిన ఆడవాళ్ళను చూసే కదా దుర్గాబాయి పుస్తకం పట్టింది!