చందాలతో చదివిన గిరిజన డాక్టరమ్మ

గిరిజన విద్యార్థి పై చదువుకు వెళ్లాలంటే తెలివి ఒక్కటే చాలదు. ఫీజు కట్టాలి. పుస్తకాలు కొనాలి. పట్నంలో తిండికీ, బసకూ డబ్బు కావాలి. ఈ కష్టం మన దేశానిదే కాదు. సుమారు 140 ఏళ్ల క్రితం అమెరికాలో ఒక గిరిజన యువతికీ ఇదే కష్టం ఎదురైంది. ఆమె చందాల డబ్బుతో చదివి, అక్కడి ఆదివాసీ స్త్రీలలో వైద్య పట్టా పొందిన మొట్టమొదటి వ్యక్తి అయ్యారు. ఆమె పేరు సుసాన్ లాఫ్లెష్ పికోట్.

సుసాన్ 1865 జూన్ 17న నెబ్రాస్కాలోని ఒమాహా తెగలో జన్మించారు. మనవాళ్లు రెడ్ ఇండియన్లని పిలిచే అమెరికా ఆదివాసులలో ఇదొక తెగ. తండ్రి జోసెఫ్ తెగ పెద్ద. భూములు తెల్లవారి పాలవుతున్న ఆ కాలంలో పిల్లలకు చదువే ఆధారమని నమ్మిన మనిషి.

చిన్ననాడు జబ్బుపడిన ఒక ముసలామె పక్కన సుసాన్ కూర్చుని ఉన్నారు. తెల్ల డాక్టరుకు నాలుగుసార్లు కబురు పంపారు. వస్తానన్నాడే గాని రాలేదు. తెల్లవారకముందే ముసలామె ప్రాణం పోయింది. డాక్టరు కావాలన్న పట్టుదల సుసాన్‌కు అక్కడే కలిగింది.

1886లో వర్జీనియాలోని హాంప్టన్ విద్యాలయంలో చదువు ముగించారు. ఫిలడెల్ఫియా మహిళా వైద్య కళాశాలలో సీటు దొరికింది. మన దేశం నుంచి వెళ్లిన ఆనందీబాయి జోషి అదే ఏడు పట్టా అందుకున్నది ఆ కళాశాలలోనే.

సీటు వచ్చింది గాని డబ్బు లేదు. ఆదివాసీ పిల్లలకు ప్రభుత్వమిచ్చే సాయం బడి చదువుకూ, చేతిపనులకూ మాత్రమే. ఆలిస్ ఫ్లెచర్ అనే పరిశోధకురాలు ఈ సంగతిని కనెక్టికట్ రాష్ట్రంలోని ఒక మహిళా సంఘం దృష్టికి తెచ్చారు. సంఘం అధ్యక్షురాలు సారా కిన్నీ ప్రభుత్వాన్ని ఒప్పించి ఏటా 167 డాలర్లు మంజూరు చేయించారు. అది చాలదు. మిగతా ఖర్చుకు సంఘం మహిళలు చందాలు పోగుచేశారు. వృత్తి విద్య కోసం అమెరికా ప్రభుత్వం ఒక వ్యక్తికి ఇచ్చిన తొలి సాయం ఇదేనంటారు.

సాయంతోపాటు షరతు కూడా వచ్చింది. చదువుతున్నంతకాలం, డాక్టరైన తర్వాత మరి కొన్నేళ్లు పెళ్లి చేసుకోరాదు. సంసారంలో పడితే తామిచ్చిన డబ్బు వృథా అవుతుందని దాతల భయం. సుసాన్ ఒప్పుకున్నారు. ఇష్టపడిన యువకునికి దూరమయ్యారు.

1888 సెప్టెంబరులో తండ్రి మరణించారు. ఆ దుఃఖంలోనే చదువు కొనసాగించి, 1889 మార్చి 14న 36 మంది తరగతిలో ప్రథమురాలిగా ఉత్తీర్ణులయ్యారు.

పట్నంలో ప్రాక్టీసు పెట్టకుండా సొంత తెగ దగ్గరకే వెళ్లారు. జీతం ఏడాదికి 500 డాలర్లు. చూడవలసిన జనం 1200కు పైగా. మొదట కాలినడకన, తర్వాత గుర్రంపై, ఆపైన బండిలో మైళ్ల దూరం తిరిగారు. రాత్రిపూట వచ్చే రోగులకు దారి తెలియడానికి కిటికీలో లాంతరు వెలిగించి ఉంచేవారు.

ఆరోగ్యం చెడి 1893లో ఉద్యోగం వదిలారు. 1894లో హెన్రీ పికోట్‌ను పెళ్లాడి ఇద్దరు కొడుకులను కన్నారు. దాతలు భయపడినట్లు వైద్యం మానలేదు. తాగుడుకు, క్షయకు లోనైన భర్త 1905లో మరణించారు. తెగలో సారా అమ్మకాలపై ఆమె చివరిదాకా పోరాడారు. అందరూ ఒకే కప్పుతో నీళ్లు తాగితే క్షయ అంటుకుంటుందని ఊరూరా చెప్పారు. 1910లో తెగ తరఫున రాజధాని వాషింగ్టన్ వెళ్లి భూముల విషయమై అధికారులతో వాదించారు.

1913లో వాల్ట్‌హిల్ ఊళ్లో ఆస్పత్రి కట్టించారు. ప్రభుత్వం ఒక్క డాలరు ఇవ్వలేదు. అదీ చందాలతోనే లేచింది. రెండేళ్లకే, 1915 సెప్టెంబరు 18న, 50వ ఏట సుసాన్ కన్నుమూశారు. ఆ ఆస్పత్రి భవనాన్ని 1993లో జాతీయ చారిత్రక కట్టడంగా గుర్తించారు. 2021లో నెబ్రాస్కా రాజధాని లింకన్‌లో ఆమె విగ్రహం నెలకొల్పారు.

సుసాన్ అందుకున్నది మూడేళ్ల సాయం. తెగకు అందించినది పాతికేళ్ల వైద్యం. గిరిజన బిడ్డ పై చదువుకు పెట్టే ఖర్చు ఎక్కడికి చేరుతుందో తెలుసుకోవడానికి ఈ లెక్క చాలు.