రెండు గడుల లెక్క: దివాన్ దేవిడి యజమాని మొదటి సాలార్ జంగ్

రంజాన్ నెలలో బట్టల కోసం దివాన్ దేవిడికి వెళ్లని కుటుంబం పాతబస్తీలో తక్కువే. అక్కడ దుకాణాల మధ్య నిలబడి బేరమాడే మనలో చాలామందికి ఆ దివాన్ ఎవరో మాత్రం తెలీదు. ఆయనే మీర్ తురాబ్ అలీ ఖాన్, మొదటి సాలార్ జంగ్. పేరు వినగానే మ్యూజియం గుర్తొస్తుంది. అయితే అందులోని వస్తువుల్లో ఎక్కువ భాగం సేకరించింది మనవడు మూడో సాలార్ జంగ్. తాత చేసిన పని వేరు. మునిగిపోతున్న రియాసత్‌ను ఆయన ఒడ్డుకు చేర్చారు.

1829లో బీజాపూర్‌లో పుట్టారు. తండ్రి సోదరుడు సిరాజుల్ ముల్క్ హైదరాబాద్ దివాన్. 1853 మే నెలలో కంటింజెంట్ సైన్యం బాకీ కింద బేరార్, రాయచూర్ దోఆబ్, ధారాశివ్ ప్రాంతాలు బ్రిటిష్ వారి చేతికి పోయాయి. కొద్ది రోజులకే సిరాజుల్ ముల్క్ కన్నుమూశారు. ఆ కుర్చీలో 24 ఏళ్ల తురాబ్ అలీ ఖాన్‌ను కూర్చోబెట్టారు.

బీకాంలో మాతో ఒక సంస్థ బలాలు ఒక గడిలో, బలహీనతలు ఇంకో గడిలో రాయించేవారు. 1853 నాటి హైదరాబాద్‌ను అలా రాస్తే చిక్కేంటంటే, ఒకే పేరు రెండు గడుల్లోనూ వస్తుంది. అరబ్ జమాదార్లు రియాసత్‌కు సైనికులు, అప్పిచ్చేవాళ్లు కూడా. అప్పు తీరకపోతే తాలూకాలను తమ చేతిలో పెట్టుకునేవాళ్లు. భూమి లెక్కలన్నీ రాయ్ రాయన్, మాల్వాలా కుటుంబాల దఫ్తర్లలో ఉండేవి. వాళ్లు లేకపోతే లెక్క తెలీదు, వాళ్ల చేతిలో ఉంటే లెక్క మనది కాదు.

సాలార్ జంగ్ వీళ్లను ఒక్క దెబ్బతో తీసేయలేదు. పాతదాన్ని అలాగే ఉంచి, పక్కనే కొత్తది కట్టుకుంటూ వచ్చారు. తాకట్టులో ఉన్న తాలూకాలను మెల్లగా విడిపించారు. అంతకుముందు తాలూక్‌దార్ అంటే శిస్తు వసూలు గుత్తకు తీసుకున్నవాడు. ఆయన ఆ మాటను ఉంచి పనిని మార్చారు. ఇప్పుడు తాలూక్‌దార్ అంటే జీతం తీసుకునే జిల్లా అధికారి. 1865 జిలాబందీతో రియాసత్ జిల్లాలుగా ఏర్పడింది. 1868లో న్యాయం, రెవెన్యూ, పోలీసు, ఇతర శాఖలకు నలుగురు సదరుల్ మహాంలను పెట్టారు. వాళ్లను నగరపు అమీర్ల కుటుంబాల నుంచే తీసుకున్నారు. దాంతో పాత పెద్దలు కొత్త పద్ధతికి అడ్డుపడటం తగ్గింది.

దారుల్ ఉలూం మదర్సా ఆయన హయాంలోనే మొదలైంది. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. చదువుకున్న అధికారులు చాలక ఉత్తరాది నుంచి సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ, మోహ్సినుల్ ముల్క్ లాంటి వాళ్లను పిలిపించారు.

ఇక ఇప్పటికీ మన ఇళ్లలో వాదన నడిచే విషయం 1857. జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ కోఠీ రెసిడెన్సీపై దాడికి దిగారు. సాలార్ జంగ్ బ్రిటిష్ పక్షాన నిలబడ్డారు. రియాసత్ దగ్గర ఖజానా లేదు, నమ్మదగిన సైన్యం లేదు, ఓడితే మిగిలేదేమీ లేదని ఆయన లెక్క. 1860లో రాయచూర్, ధారాశివ్ తిరిగొచ్చాయి, 50 లక్షల బాకీ రద్దయింది. కానీ తుర్రెబాజ్ ఖాన్‌ను చంపి శవాన్ని నగరంలో వేలాడదీశారు. మౌల్వీ సాబ్‌ను అండమాన్ పంపారు. ఈ నష్టం ఏ గడిలో రాయాలి? రియాసత్ మిగిలిందన్నది నిజం, ఆ రక్తం కూడా నిజం. 1859లో ఒకసారి, 1868లో మరోసారి సాలార్ జంగ్ ప్రాణం మీదకే వచ్చిందంటే జనంలో కోపం ఎంతుందో అర్థమవుతుంది.

విశ్వాసం చూపితే బేరార్ తిరిగిస్తారని ఆయన ఆశించారు. 1876లో ఇంగ్లండ్ వెళ్లారు. ఆక్స్‌ఫర్డ్ గౌరవ డిగ్రీ ఇచ్చింది, బేరార్ మాత్రం రాలేదు. పైగా వైస్రాయ్ లిట్టన్ ఆగ్రహించి, ఆయనకు పడని రషీదుద్దీన్ ఖాన్‌ను సహ పాలకుడిగా నెత్తిన పెట్టారు.

1883 ఫిబ్రవరి 8న కలరాతో సాలార్ జంగ్ ఇంతకాల్ చేశారు. వయసు 54. బాల నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు ఇంకా పూర్తి అధికారం రాలేదు. 30 ఏళ్లు అన్ని తాళాలూ ఒక్కరి చేతిలోనే ఉన్నాయి. పగ్గాలు పట్టేలా ఎవరినీ తయారు చేయలేదు. 1884లో దివాన్ అయిన కొడుకు లాయక్ అలీ ఖాన్ మూడేళ్లకే దిగిపోయారు. బయటి నుంచి వచ్చిన అధికారుల బలం పెరిగి, ముల్కీ, గైర్ ముల్కీ గొడవ ముదిరింది.

మన దుకాణాలు, మదర్సాలు, వక్ఫ్ కమిటీలు చాలావరకు ఇప్పటికీ ఒక్క పెద్దాయన మీదే నడుస్తున్నాయి. ఆయన ఉన్నన్నాళ్లూ అంతా బాగుంటుంది. ఆ తర్వాత తాళం చెవులు ఎవరి దగ్గరున్నాయని వెతుకుతాం. సాలార్ జంగ్ దాయిరా మీర్ మోమిన్‌లో ఉన్నారు. ఈసారి అటు వెళ్తే ఒక ఫాతిహా చదివి, మన కమిటీలో రేపటి మనిషి ఎవరో కూడా ఆలోచించండి.