మొదటి అంచె మనిషి: కీ.శే. డాక్టర్ ఎ.ఎస్. రావు గారు

సంఘం ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని గురించి రాసి ఇమ్మని కార్యదర్శి గారు అడిగినప్పుడు నేను ముందు ఒప్పుకోలేదు. టెలిఫోన్ల శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. కలం కంటే స్క్రూడ్రైవరు పట్టిందే ఎక్కువ. అయినా చివరికి రాయడానికి కూర్చున్నానంటే దానికి కారణం మా మనవడు.

వాడు హైదరాబాదులో చదువుకుంటున్నాడు. ఎ.ఎస్. రావు నగర్‌లో గది తీసుకున్నాడు. సంక్రాంతికి మైదుకూరు వచ్చినప్పుడు, మీరుండే పేటకు ఎవరి పేరు పెట్టారో తెలుసునా అని అడిగాను. ఎవరో పాతకాలపు మంత్రి అయి ఉంటాడని చెప్పి తన ఫోను చూసుకోవడంలో పడ్డాడు. ఆ ఫోనులో మా ఇల్లు, నాలుగు రోడ్ల కూడలి, ప్రొద్దుటూరు దారి, వాడు నిలబడిన చోటు అన్నీ కనబడుతున్నాయి. ఆకాశంలోని ఉపగ్రహాల సంకేతాలు అందుకుని ఆ ఫోను చోటు చెబుతున్నది. అలాంటి విద్యకు మన దేశంలో పునాది రాళ్లు మోసిన వారిలో ఒకరి పేరే తను రోజూ బస్సు దిగే చోటికి ఉందని వాడికి తెలియదు. తప్పు వాడిది కాదు. చెప్పవలసిన మనం చెప్పలేదు.

డాక్టర్ అయ్యగారి సాంబశివరావు గారు 1914 సెప్టెంబరు 20న పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు గ్రామంలో జన్మించారు. భీమవరం దగ్గరి పల్లె అది. బనారసు హిందూ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్సీ. పూర్తి చేసి అక్కడే అధ్యాపకులుగా పనిచేశారు. తరువాత టాటా వారి ఉపకార వేతనంతో అమెరికా వెళ్లి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు చదివారు. ఆ చదువుతో ఆ దేశంలోనే స్థిరపడి సుఖంగా బ్రతికి ఉండవచ్చు. వారు తిరిగి వచ్చారు. అప్పుడే స్వాతంత్ర్యం వచ్చిన దేశంలో డాక్టర్ హోమీ భాభా అణుశక్తి పరిశోధన కోసం యువకులను పోగు చేస్తున్నారు. రావు గారు ఆ జట్టులో చేరారు.

ఆ రోజుల్లో మన దేశంలో ఎలక్ట్రానిక్సు అంటే రేడియో మరమ్మతు అనుకునేవాళ్లే ఎక్కువ. ప్రయోగశాలకు కావలసిన చిన్న మీటరు కూడా ఓడ మీద రావలసిందే. అది చెడిపోతే మళ్లీ ఓడ కోసం ఎదురు చూడవలసిందే. రావు గారి జట్టు ఆ పనిముట్లను ఇక్కడే తయారు చేయడం మొదలుపెట్టింది. 1956 ఆగస్టు 4న ట్రాంబేలో అప్సర రియాక్టరు పనిచేయడం మొదలైంది. దానికి ఇంధనం ఇంగ్లండు నుంచి వచ్చింది గాని, దాన్ని అదుపులో ఉంచే ఎలక్ట్రానిక్ వ్యవస్థ రావు గారి నాయకత్వంలో మనవాళ్లు చేసిందే. 1960లో ప్రభుత్వం వారికి పద్మశ్రీ ఇచ్చింది. 1965లో శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమతి వచ్చింది.

1962లో చైనాతో యుద్ధం తరువాత, సరిహద్దులోని సైనికుడి వైర్‌లెస్ సెట్టు కోసం కూడా పరాయి దేశాల మీద ఆధారపడడం ఎంత ప్రమాదమో ప్రభుత్వానికి తెలిసివచ్చింది. 1963లో భాభా గారి అధ్యక్షతన ఎలక్ట్రానిక్స్ సంఘం వేశారు. విక్రం సారాభాయి, సూరి భగవంతం, ఎ.ఎస్. రావు గార్లు అందులో సభ్యులు. చివరి ఇద్దరూ మన తెలుగువారే. 1966 జనవరిలో భాభా గారు విమాన ప్రమాదంలో మరణించారు. పెద్దదిక్కు పోయినా పని ఆగలేదు. 1967 ఏప్రిల్ 11న హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అంటే మనమంతా ఇ.సి.ఐ.ఎల్. అని పిలుచుకునే సంస్థ మొదలైంది. దాన్ని నడిపించే బాధ్యత రావు గారి మీద పడింది.

ఇక్కడ కొంచెం ఆగి, మా వృత్తికి సంబంధించిన ఒక మాట చెప్పాలి. అది తెలిస్తేగాని వారు చేసిన పని విలువ తెలియదు.

ఆకాశం నుంచి వచ్చే సంకేతం చాలా బలహీనంగా ఉంటుంది. మా మనవడి ఫోనుకు దారి చెప్పే ఉపగ్రహాలు ఇరవై వేల కిలోమీటర్లకు పైన తిరుగుతుంటాయి. అక్కడి నుంచి మనకు చేరే శక్తి ఎంతంటే, ఒక వాటును కోటి కోట్ల భాగాలు చేసి, అందులో ఒక భాగాన్ని మళ్లీ నూరు చేస్తే, అందులో ఒకటి. దాన్ని పెంచడానికి యాంప్లిఫయరు కావాలి. కాని ప్రతి యాంప్లిఫయరూ సంకేతాన్ని పెంచుతూ తన సొంత రొదను కూడా కలుపుతుంది. రిసీవరులో ఇలాంటి అంచెలు వరుసగా ఉంటాయి. మొదటి అంచె కలిపిన రొదను తరువాతి అంచెలన్నీ సంకేతంతో పాటు పెంచుకుంటూ పోతాయి. దాన్ని విడదీయడం ఇక ఎవరి తరమూ కాదు. మొదటి అంచె సంకేతాన్ని బాగా పెంచగలిగితే, వెనక వచ్చే అంచెల రొద పెద్దగా లెక్కలోకి రాదు. కనుక మొదటి అంచె తక్కువ రొద చేసేదై ఉండాలి. దాన్నే లో నాయిస్ యాంప్లిఫయర్ అంటారు. ఈ లెక్కను బెల్ ప్రయోగశాలలోని హెరాల్డ్ ఫ్రీస్ అనే డేనిష్ ఇంజనీరు 1944లో ప్రకటించారు. మన కె.సి. కాలువ రైతుకు ఇది తేలికగా అర్థమవుతుంది. కాలువ తలలోనే నీళ్లు బురదైతే, చివరి పొలానికి ఎంత ఎక్కువ వదిలినా వచ్చేది బురద నీళ్లే.

1975లో నేను శిక్షణ కోసం హైదరాబాదులో ఉన్నాను. ఆ ఏడాది ఆగస్టు 1న ఉపగ్రహం ద్వారా పల్లెలకు టెలివిజన్ చూపించే ప్రయోగం మొదలైంది. సైట్ అని దాని పేరు. అమెరికా వారి ఎ.టి.ఎస్.-6 ఉపగ్రహాన్ని ఒక ఏడాది కోసం మన దేశం మీదికి తిప్పారు. ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు సెట్లు పెట్టారు. ఉపగ్రహం ఉన్నది సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున. దాని సంకేతాన్ని పట్టడానికి కోళ్లగూళ్లకు వాడే జాలితో మూడు మీటర్ల గొడుగు చేశారు. గొడుగులో పడిన సంకేతం ముందుగా ఒక చిన్న పెట్టెలోకి పోతుంది. అక్కడ దాన్ని పెంచి, మార్చి, టీవీకి పంపుతారు. అహ్మదాబాదులోని ఇస్రో ఇంజనీర్లు రూపకల్పన చేశారు. ఆ సెట్లను తయారు చేసింది రావు గారి సారథ్యంలోని ఇ.సి.ఐ.ఎల్.

నాతో శిక్షణలో ఉన్న ఒక మిత్రుడు తన ఊరికి తీసుకుపోయాడు. బడి ముందర ఊరంతా కూర్చుని ఉంది. తెర మీద వ్యవసాయం గురించి తెలుగులో చెబుతున్నారు. నేను బొమ్మను చూడలేదు, మేడ మీది కోళ్లజాలిని చూస్తూ ఉండిపోయాను. అంత దూరం నుంచి వచ్చిన సన్నని సంకేతాన్ని మన హైదరాబాదులో మన ఆడపిల్లలు, మగపిల్లలు అతికించిన పెట్టె పట్టుకున్నదంటే నమ్మబుద్ధి కాలేదు. 1976 జూలై 31తో ఆ ఏడాది ముగిసింది. ఉపగ్రహాన్ని అమెరికా వారు వెనక్కు తీసుకుపోయారు. తరువాత ఒకసారి అదే ఊరికి వెళితే, గొడుగు అలాగే ఉంది, తెర మీద ఏమీ లేదు. ఉపగ్రహం కూడా మనదై ఉండాలని ఆ రోజు నాకు తెలిసింది. రిసీవరు మాత్రం మనం చేయగలమని ఆ ఏడాది రుజువైంది.

ఇంత తెలిసి కూడా నేను ఒక అన్యాయం చేశాను. అది ఇక్కడ ఒప్పుకుంటాను. ఎనభైల్లో మా నాయన ముచ్చటపడి మన దేశంలోనే తయారైన ఒక టీవీ కొన్నాడు. రిలే కేంద్రం దూరం. అందరిలాగే మేమూ మిద్దె మీద పొడుగాటి ఇనుప పైపు నాటి ఏరియల్ కట్టాము. బొమ్మ నిలబడకపోతే బూస్టరు తెచ్చాను. దాన్ని పైపు కొన మీద ఏరియల్ పక్కనే బిగించాలి. ఎండలో పైపు దించే ఓపిక లేక, కింద టీవీ వెనకాలే బిగించాను. అంత పొడుగు తీగలో సంకేతం సగం చచ్చి, ఆ తరువాత బూస్టరుకు చేరేది. తెర నిండా చీమలు. నాయన రోజూ వార్తల వేళకు కూర్చుని, చీమలు చూసి లేచిపోయేవాడు. మనవాళ్లు చేసిన పెట్టె ఇంతేనని అన్నాడు. శాఖలో పనిచేసే కొడుకును, నేనూ తల ఊపాను. చివరికి ఆ టీవీని సగం ధరకు అమ్మేశాము.

కొన్నాళ్లకు మా ఆఫీసు టవరు మీద అలాంటి పనే చేస్తుంటే నా తప్పు నాకు తట్టింది. ఇంటికి వచ్చి బూస్టరు పైకెక్కించాను. అరువు తెచ్చిన పాత టీవీలో కూడా బొమ్మ తేటగా వచ్చింది. పెట్టెలో లోపం లేదని, లోపం నాదేనని నాయనకు చెప్పాలనుకుంటూనే రోజులు గడిపాను. చెప్పకముందే ఆయన పోయాడు. మనవాళ్ల చేతిపనిని తెలియక చులకన చేసేవాళ్లు ఉంటారు. తెలిసి కూడా సోమరితనంతో చులకన చేసినవాళ్లలో నేనొకణ్ణి.

రావు గారు ఇలాంటి చులకనను జీవితమంతా ఎదుర్కొని ఉంటారని నాకనిపిస్తుంది. విదేశీ సరుకే గొప్పదనే కాలంలో, ఇక్కడే చేస్తామని నిలబడ్డారు. 1969లో టి.డి.సి.-12 అనే కంప్యూటరు ఇ.సి.ఐ.ఎల్. నుంచి వచ్చింది. ట్రాన్సిస్టర్లతో నడిచే టీవీ, ఉపగ్రహ భూకేంద్రాల యాంటెన్నా కూడా దేశంలో మొదట చేసిన ఘనత ఆ సంస్థది. మనలో ఎన్నికల డ్యూటీ చేసినవారు చాలామంది ఉన్నారు. ఆ ఓటింగు యంత్రం తొలి నమూనాను 1979లో తయారు చేసింది కూడా ఆ సంస్థే. 1972లో రావు గారికి పద్మభూషణ్ ఇచ్చారు. 2003 అక్టోబరు 31న, 89 ఏళ్ల వయసులో, వారు పరమపదించారు. పేపరులో ఆ వార్త నేను డ్యూటీలో ఉండగా చదివాను. శాఖ పని మీద ఎన్నోసార్లు హైదరాబాదు వెళ్లాను. ఒక్కసారైనా వెళ్లి దండం పెట్టి రావాలని తోచకపోయింది.

వారు నాటిన మొక్క వారి తరువాత కూడా కాయలు కాసింది. 2008లో చంద్రయాన్-1 చంద్రుడి దగ్గర నుంచి పంపిన సంకేతాలను బెంగుళూరు దగ్గర బైలాలులోని 32 మీటర్ల యాంటెన్నా అందుకున్నది. దాన్ని కట్టింది ఇ.సి.ఐ.ఎల్. దారి చూపే మన సొంత ఉపగ్రహాల్లో మొదటిది 2013 జూలై 1న శ్రీహరికోట నుంచి పైకి వెళ్లింది. 1976లో ఆ పల్లెలో ఖాళీ తెర చూసిన నాకు ఈ రెండు వార్తలు ఎంత సంతోషం ఇచ్చాయో మాటల్లో చెప్పలేను.

ఇదంతా ఈ సంక్రాంతికి మనవడికి చెప్పాను. మిద్దె మీద ఆ పాత ఇనుప పైపు తుప్పు పట్టి ఇంకా ఉంది. బూస్టరు ఎక్కడ ఉండాలో, నేనెక్కడ పెట్టానో చూపించాను. తాతా, మరి మీ నాయనకు చెప్పావా అని అడిగాడు. లేదన్నాను. కాసేపు వాడేమీ మాట్లాడలేదు. హైదరాబాదు వెళ్లాక, తన స్నేహితులకు ఎ.ఎస్. రావు గారెవరో చెప్పానని ఫోను చేశాడు.

సంఘ సభ్యులందరికీ నా మనవి ఒక్కటే. మీ మీ శాఖల్లో మొదట పని మొదలుపెట్టిన పెద్దల గురించి మీ పిల్లలకు చెప్పండి. చేసిన తప్పులుంటే అవి కూడా చెప్పండి. నాలాగా ఆలస్యం చేయకండి.